జలెసాక్ డిస్క్ టెస్ట్ బాగా వస్తే వీఓఎఫ్ కోడ్‌ని నమ్మొచ్చా?

సొంతంగా వీఓఎఫ్ (వాల్యూమ్ ఆఫ్ ఫ్లూయిడ్: జాగాని గ్రిడ్‌గా, చిన్న గడులుగా (సెల్‌లుగా) విడగొట్టి, ఒక్కో సెల్‌లో ద్రవం ఎంత వాటా ఉందో లెక్కిస్తూ ఉపరితలాన్ని పట్టుకునే పద్ధతి) కోడ్ రాశాను, జలెసాక్ డిస్క్ ఆకారం చెడకుండా తిరిగింది, ఇక బుడగల సిమ్యులేషన్లు మొదలుపెట్టొచ్చా అని అడిగారు. అప్పుడే వద్దండీ. 1979 నాటి ఆ టెస్ట్‌లో గాడి ఉన్న డిస్క్ గుండ్రంగా తిరుగుతుందంతే, ద్రవం ఎక్కడా సాగదు. మూలలు ఎంత అరిగాయో తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు.

రైడర్, కోథే 1998 పేపర్‌లో వాడిన సుడి టెస్ట్ దీనికంటే చాలా నయం. 1×1 పెట్టెలో 0.15 వ్యాసార్థమున్న వృత్తాన్ని సుడిలో సాగదీసి, సగం సమయమయ్యాక ప్రవాహాన్ని వెనక్కి తిప్పుతారు, చివరికి వృత్తం మొదటి చోటికి రావాలి. అయితే దాదాపు అందరూ చివరి బొమ్మే చూపిస్తారు, నాకు కోపం వచ్చేది అక్కడే. వెళ్లేటప్పుడు చేరిన తప్పుల్లో కొన్ని వెనక్కి వచ్చేటప్పుడు రద్దయిపోతాయి కదా! సగం దగ్గరి బొమ్మ చూడండి. పీరియడ్ (వెళ్లి తిరిగొచ్చే మొత్తం సమయం) 8 పెట్టి, గ్రిడ్ ముతకగా ఉంటే సాగిన వృత్తం తోక ఒక సెల్ కంటే సన్నబడుతుంది. వీఓఎఫ్ దాన్ని చుక్కలుగా తెంపేస్తుంది, మామూలు లెవెల్ సెట్ (ఉపరితలం ఎంత దూరంలో ఉందో లెక్కిస్తూ దాన్ని పట్టుకునే ఇంకో పద్ధతి) అయితే ఆ ద్రవాన్నే మాయం చేస్తుంది.

ఇంతా చేసి ఈ రెండింట్లోనూ వేగాన్ని మనమే ఇస్తాం. అసలు పరీక్ష తలతన్యత కలిసినప్పుడే మొదలవుతుంది. మా ల్యాబ్‌లో ఒక జూనియర్ నీటి గోడ కూలే సిమ్యులేషన్ వీడియో పట్టుకొచ్చాడు, రంగులు అద్భుతంగా ఉన్నాయి, 1952 నాటి మార్టిన్, మోయిస్ ప్రయోగంతో నీటి అంచు కూడా సరిపోయింది. అందులో పనంతా గురుత్వానిదే, తలతన్యత పాత్ర దాదాపు లేదు. "2 మిల్లీమీటర్ల వ్యాసమున్న నీటి బొట్టుని గాలిలో పెట్టి, గ్రావిటీ తీసేసి వదిలెయ్" అన్నాను. జవాబు ముందే తెలుసు: ఏదీ కదలకూడదు, బొట్టు లోపల పీడనం బయటికంటే 144 పాస్కల్స్ ఎక్కువుండాలి. ఇందులో చూడ్డానికేముంది అన్నట్టు మొహం పెట్టి, రాత్రికి రన్‌లో పెట్టి వెళ్లాడు.

పొద్దున చూస్తే బొట్టు చుట్టూ సుడులు, బొట్టు మెల్లగా ఓ పక్కకి జరుగుతోంది. గ్రిడ్ సన్నం చేస్తే తగ్గుతుందన్నా అన్నాడు. చేశాడు, సుడుల వేగం ఇంకా పెరిగింది! నాకు ఆశ్చర్యం వేయలేదు. వాల్యూమ్ ఫ్రాక్షన్ (సెల్‌లో ద్రవం వాటా) ఒక్కసారిగా 0 నుంచి 1కి దూకే చోట నేరుగా డెరివేటివ్‌లు తీసి వక్రత లెక్కేస్తే, గ్రిడ్ ఎంత సన్నం చేసినా ఆ తప్పు తగ్గదు. దానికితోడు పీడనం గ్రేడియంట్‌ని ఒకచోట, తలతన్యత బలాన్ని ఇంకోచోట లెక్కేస్తే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు, ఆ మిగులే సుడులవుతుంది. వక్రతని హైట్ ఫంక్షన్‌తో (వరుస సెల్‌లలోని ద్రవాన్ని కూడి ఉపరితలం ఎత్తు కట్టి, దాన్నుంచి వంపు లెక్కేసే పద్ధతితో) తీసి, రెండు బలాలనీ ఒకే సెల్ ముఖం మీద లెక్కేయమన్నాను. మార్చాక వేగాలు క్రమంగా చచ్చిపోయాయి. ఇలా చేస్తే అవి రౌండాఫ్ స్థాయికి, అంటే కంప్యూటర్ అంకెల్లో ఉండే అతి చిన్న తేడా అంతకి, పడిపోతాయని పోపినే అనే పరిశోధకుడు గెరిస్ అనే తన ఫ్లో కోడ్‌తో 2009లోనే చూపించారు, అయినా ఇప్పటికీ ఈ టెస్ట్ లేకుండానే పేపర్లు వస్తున్నాయి, రివ్యూయర్లు అడగడం లేదు.

అదే 2009లో హైసింగ్ బృందం పైకి లేచే బుడగ మీద వేసిన పేపరంటే నాకు చాలా గౌరవం. మూడు కోడ్‌ల ఫలితాలు మొదటి కేసులో కలిశాయి, రెండో కేసులో బుడగ తోకలు తెగే దగ్గర కలవలేదు. కలవలేదనే రాశారు. మనవాళ్లలో ఎంతమంది అలా రాస్తారు?

మీరు ముందు నిలకడ బొట్టు టెస్ట్ చేయండి. అది పాసైతే బొట్టుకీ గాలికీ ఒకే స్థిర వేగం ఇచ్చి కదిలించండి, బొట్టుతో పాటు కదులుతూ చూస్తే అంతా నిశ్చలంగానే ఉండాలి. ఇది చాలా కష్టం, ఎందుకంటే ఉపరితలం సెల్‌లు దాటుతున్న కొద్దీ వక్రతలో తప్పు కొత్తగా పుడుతూనే ఉంటుంది. సాంద్రతల నిష్పత్తి నీరు-గాలిదే పెట్టండి, 10 పెట్టి సరిపెట్టుకోకండి. మూడు గ్రిడ్‌ల మీద గరిష్ఠ వేగం గ్రాఫ్ గీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.