క్యామ్ లాగే ముందు టాపెట్లు కట్టెయ్యి

చిరంజీవి చిన్నాకి, పెదనాన్న ఆశీస్సులు.

టాటా 1613 లారీని ఇంటి ముందు పెట్టి, ఇంజిన్‌లో వాల్వుల్ని తెరిపించే క్యామ్ షాఫ్ట్ నువ్వే దింపుతానంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆటోనగర్‌కి తోలుకొస్తే లేబరే తడిసి మోపెడవుతుందని నీ లెక్క. నీ లెక్క తప్పేం కాదు. ఆ 6బీటీ కమ్మిన్స్ మంచి ఇంజిన్, మాట వింటుంది. క్యామ్ బ్లాకులోనే ఉంటుంది, గేర్ల మీద తిరుగుతుంది. చైనూ లేదు, బెల్టూ లేదు. హెడ్ దింపక్కర్లేదు, ఇంజిన్ ఛాసీ మీద నుంచి లేపక్కర్లేదు. రేడియేటర్ అడ్డు తీస్తే క్యామ్ ముందు నుంచే వస్తుంది.

అసలు తేడా క్యామ్‌దేనని ఎలా తేల్చావు? క్యామ్ మీది గుబ్బ, అదే లోబ్, టాపెట్‌ని తోస్తుంది, టాపెట్ పుష్ రాడ్‌ని, అది రాకర్‌ని తోస్తేనే వాల్వు తెరుచుకుంటుంది. సౌండ్ వస్తోందని క్యామ్ దింపేవాళ్లు చాలామంది ఉన్నారు, తీరా చూస్తే రాకర్ అరిగో, పుష్ రాడ్ వంగో ఉంటుంది. టాపెట్ సెట్టింగ్, అంటే రాకర్‌కీ వాల్వుకీ మధ్య గ్యాప్, కరెక్టుగానే ఉందన్నావట. దాంతో ఏమీ తేలదురా. ఆ గ్యాప్ మనం చూసేది లోబ్ వీపు టాపెట్ కింద ఉన్నప్పుడు. అరిగేదేమో లోబ్ ముక్కు. ముక్కు సగం పోయినా ఫీలర్ గేజ్‌కి తెలియదు. ఎవరిదైనా డయల్ గేజ్ అడిగి తెచ్చుకో. రాకర్ మీద పుష్ రాడ్ వైపు పెట్టి, ఇంజిన్‌ని చేత్తో మెల్లగా తిప్పుతూ ఎంత లేస్తోందో రాసుకో. ఆరు ఇన్‌లెట్లూ ఒకదానితో ఒకటి సరిపోవాలి, ఆరు ఎగ్జాస్టులూ అంతే. అందులో ఒకటి బాగా తక్కువ లేస్తే అప్పుడు నమ్ము. ఎయిర్ క్లీనర్‌లోంచి టప్ టప్‌మని ఎదురు కొడుతోందని మీ నాన్న అన్నాడు కాబట్టి, ముందు ఎగ్జాస్టులు చూడు. ఎగ్జాస్ట్ సరిగ్గా తెరుచుకోకపోతే పొగ పోయే దారి లేక ఇన్‌లెట్‌లోంచి వెనక్కి తంతుంది.

క్యామే అని తేలితే బండిని చదునైన చోట నిలబెట్టి చక్రాలకు అడ్డు రాళ్లు వెయ్యి. బ్యాటరీ కేబుల్ పీకెయ్యి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే నీళ్లు దింపు. ముందు జాలీ, ఇంటర్‌కూలర్ ఉంటే అదీ, రేడియేటర్, ఫ్యాన్, బెల్టు, క్రాంక్ ముందుండే డ్యాంపర్ చక్రం వరసగా తీసుకుంటూ పో. ఈ పని నీకు తెలిసిందే. ఒకటి మాత్రం చూసుకో, బ్లాకు ముందు క్యామ్ పొడవు కంటే ఒక మూర ఎక్కువ ఖాళీ ఉండాలి. సగం బయటికొచ్చాక క్రాస్ మెంబర్‌కి తగిలిందంటే దాన్ని మోస్తూ నిలబడలేవు.

డ్యాంపర్ విప్పకముందే ఒకటో సిలిండర్‌ని కంప్రెషన్ మీద టాప్‌కి, అంటే వాల్వులు రెండూ మూసుకుని పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటికి, తెచ్చి పెట్టు. ముందు గేర్లుండే టైమింగ్ కేసు వెనక, డీజిల్ ఇంజెక్షన్ పంపు కిందుగా ఒక చిన్న పిన్ను ఉంటుంది. దాన్ని లోపలికి నొక్కుతూ క్రాంక్ మెల్లగా తిప్పితే క్యామ్ గేరు కన్నంలోకి దిగుతుంది. అదే నీ టాప్. అక్కడ ఆపి వెంటనే పిన్ను వెనక్కి లాగెయ్యి. అది లోపల ఉండగా ఇంజిన్ తిప్పావంటే విరుగుతుంది. చాలా బళ్లలో అది ముందే విరిగి ఉంటుంది. అలా ఉంటే రెండు వాల్వులూ వదులుగా ఉన్నాయో లేదో చూసి టాప్ పట్టుకో.

ఇప్పుడు టైమింగ్ కవరు విప్పు. గేర్ల మీద కంపెనీ గుర్తులుంటాయి. అవి సరే, వాటి మీద కూడా తెల్ల పెయింట్ చుక్క పెట్టు. క్రాంక్‌కీ క్యామ్‌కీ మధ్య ఒకటి, క్యామ్‌కీ పంపు గేరుకీ మధ్య ఇంకొకటి. ఫోన్‌లో ఫొటో కూడా తీసి పెట్టుకో. కవరు ఊడాక టైమింగ్ కేసులో చిన్న స్టీలు డోవెల్ పిన్ను ఒకటి కనిపిస్తుంది. అమెరికాలో డాడ్జ్ రామ్ పికప్‌లకు ఇదే బీటీ ఇంజిన్ పెట్టారు, 1989 నుంచి 1998 దాకా వచ్చిన పన్నెండు వాల్వుల బళ్లలో ఈ పిన్ను బాగా పేరుమోసింది. వైబ్రేషన్‌కి జరిగి జరిగి బయటికొచ్చి గేర్లలో పడి కేసునే పగలగొడుతుంది. నీదాంట్లో వదులైందేమో చూడు. కొంచెం ముందుకొచ్చినా లోపలికి కొట్టి, పక్క బోల్టు కింద చిన్న ఇనప రేకు పట్టీ పెట్టి ఆపెయ్యి. మళ్లీ ఈ కవరు ఎప్పుడు విప్పుతావో ఏమో.

తర్వాత రాకర్లు. వీటిని పట్టే పొడవాటి బోల్టులు ఉత్త రాకర్ బోల్టులు కావు, హెడ్ బోల్టులే. మొత్తం ఇరవై ఆరు హెడ్ బోల్టుల్లో ఆరు ఇవే. తిరిగి బిగించేటప్పుడు పానాతో చేతి అంచనా మీద బిగించకు. టార్క్ రెంచి, ఆ ఇంజిన్ నెంబర్ మాన్యువల్ దగ్గర పెట్టుకో. పుష్ రాడ్లు తీసినవి తీసినట్టు అట్టముక్కకి కన్నాలు పెట్టి వరసగా గుచ్చు. క్లీనర్ కుర్రాడు కడుగుతానని అన్నీ కలిపి బకెట్లో వేస్తాడు, వాడిని ఆ దగ్గరికి రానివ్వకు.

ఇక అసలు పని. ఈ ఇంజిన్‌లో టాపెట్ కింది భాగం పుట్టగొడుగులా వెడల్పుగా ఉంటుంది. పైనుంచి బయటికి రాదు, కిందికి మాత్రం పడుతుంది. క్యామ్ అడ్డు ఉన్నంతసేపే అది పైన నిలబడుతుంది. టాపెట్లు కట్టకుండా క్యామ్ లాగితే ఒక్కొక్కటీ లోబ్‌ల మధ్య ఇరుక్కుని క్యామ్‌ని కదలనివ్వవు, లేదా ఛాంబర్‌లో, అదే కింది ఆయిల్ తొట్టిలో, పడతాయి. అప్పుడు ఛాంబర్ కూడా దింపాలి.

అందుకని పన్నెండు చెక్క పుల్లలు కావాలి. వడ్రంగి దగ్గర గుండ్రంగా చిత్రిక పట్టించు. పుష్ రాడ్ కన్నంలోంచి సాఫీగా దిగాలి, కొస మాత్రం టాపెట్ గుంటలో బిగుసుకోవాలి. కాబట్టి కొస దగ్గర రవ్వంత సన్నం చెయ్యి. టాపెట్ గుంటలో ఆయిల్ ఉంటే పుల్ల జారిపోతుంది, ముందు గుడ్డ చుట్టిన కడ్డీతో తుడువు. పుల్ల దించి పైన చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేస్తే పట్టేస్తుంది. పైకి లాగు. టాపెట్ బ్లాకుకి తగిలి ఆగిన సంగతి నీ చేతికే తెలుస్తుంది. ఒక సిలిండర్‌వి రెండు పుల్లలు పక్కపక్కనే ఉంటాయి కదా, రెంటినీ కలిపి గట్టిగా కట్టు. కొట్లో కొన్న రబ్బరు బ్యాండ్లు ఆయిల్ తగిలి తెగుతాయి. పాత లారీ ట్యూబు సన్నగా కత్తిరించి వాడు, అది మొండిది. అన్నీ కట్టాక టీ తాగి వచ్చి మళ్లీ చూడు. ఒక్కటి కిందికి జారినా విప్పి మళ్లీ కట్టు.

బ్లాకు పక్కన క్యామ్ మీద నడిచే, డీజిల్ లాగే ఫీడ్ పంపు ఉంటే అదీ విప్పు. ఇంజెక్షన్ పంపుకే ఉన్న రకమైతే దాని జోలికి పోనక్కర్లేదు.

క్యామ్ గేరు వెనక, క్యామ్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ ప్లేటు, దానికి రెండు బోల్టులు. గేరులో ఉన్న కన్నాలు వాటి ఎదురుగా వచ్చేదాకా క్రాంక్ తిప్పుకో. పుష్ రాడ్లు లేవు కాబట్టి వాల్వులతో గొడవ లేదు. బోల్టులు వచ్చాక గేరునే రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తిప్పుతూ బయటికి తీసుకో. తిన్నగా రావాలి. కొస కిందికి వాలితే లోబ్ అంచు బ్లాకు కన్నాన్ని గీసేస్తుంది. క్యామ్ బ్లాకులో ఆని తిరిగే గుండ్రటి చోట్లు జర్నల్స్, వాటిలో ముందు జర్నల్‌కి మాత్రమే బుష్ ఉంటుంది, మిగతావన్నీ నేరుగా బ్లాకు మీదే తిరుగుతాయి, ఆ గీత చెరపలేం. మనిషి సాయం పెట్టుకో. ఎక్కడైనా పట్టేస్తే సుత్తి తియ్యకు, ఒక టాపెట్ జారి ఉంటుంది, పైన పుల్లలు చూడు. క్యామ్ బయటికొచ్చాక క్రాంక్‌నీ పంపు గేరునీ ఎవరూ కదపకూడదు.

పాత టాపెట్ల మీద కొత్త క్యామ్ వెయ్యొద్దు, కొత్త లోబ్‌ని అవే తినేస్తాయి. వాటిని తీయడానికి ఛాంబర్ దింపక్కర్లేదు. దోనెలా ఉండే పొడవాటి సన్నని రేకు డొక్కని క్యామ్ కన్నంలోకి దూర్చి, ఒక్కో పుల్ల వదులు చేస్తే టాపెట్ అందులో పడుతుంది. బయటికి లాగెయ్యి. ఒక్కోటే చెయ్యి, తొందరపడి రెండు వదలకు. కొత్తవి డొక్కలోనే లోపలికి పంపి, పుష్ రాడ్ కన్నంలోంచి దారం వేసి పైకి లాగాలి. ఆ దారం పనిముట్టు నా దగ్గరుంది, బస్సులో పంపిస్తాను.

బిగించేటప్పుడు కవరు ముందు ఆయిల్ సీలు కొత్తది వెయ్యి. సీలు పెదవికీ క్రాంక్ ముక్కుకీ ఆయిల్, గ్రీజు ఏమీ అంటకూడదు, పొడిగానే ఎక్కించాలి. టాపెట్ గ్యాప్ చల్లని ఇంజిన్ మీద ఇన్‌లెట్ 0.25, ఎగ్జాస్ట్ 0.50 మి.మీ. పెట్టు. సిలిండర్లు మండే వరస, అదే ఫైరింగ్, 1-5-3-6-2-4.

క్యామ్ దిగగానే లోబ్‌లూ టాపెట్ల అడుగులూ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు. అవి చూసి చెప్పేదాకా సామాను కొనకు. బుష్ కూడా వెయ్యాల్సి వస్తే బ్లాకు కన్నం కొలవాలి, ఆదివారం నేనే మైక్రోమీటర్ తీసుకుని వస్తా.

ఇట్లు,
పెదనాన్న