నాన్నను బ్యాగుల కాపలా పెట్టకండి

డాక్టరమ్మకో ఉత్తరం

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది చిత్తూరు. మా నాన్నకు 66 ఏళ్లు. ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, సర్వీసులో ఎక్కువ కాలం తిరుమల ఘాట్‌లోనే నడిపారు. బీపీ, షుగర్ ఉన్నాయి. రెండింటికీ మాత్రలే, ఇన్సులిన్ లేదు. ప్రోస్టేటుకు రాత్రిపూట ఇంకో మాత్ర వేసుకుంటారు. మే నెలలో పిల్లల సెలవులకు అందరం చెన్నై దగ్గర థీమ్ పార్కుకు పొద్దున పోయి రాత్రికి వచ్చేద్దామని అనుకున్నాం. నాన్నను ఇంట్లో ఉండమంటే, "నేనూ వస్తా, ఆ రోలర్‌కోస్టర్ ఎక్కుతా, ఘాట్‌లో బస్సు తిప్పినోడికి అదొక లెక్కా?" అంటున్నారు. అన్నయ్యేమో "రానీలే, నీడన కూర్చోబెడితే సామాన్లు చూసుకుంటాడు" అంటాడు. నాకు ఎండ అంటే భయంగా ఉంది. తీసుకుపోవచ్చా?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: తీసుకుపోండి తల్లీ. 66 ఏళ్లకు రోలర్‌కోస్టర్ ఎక్కాలని సరదా పడే మనిషిని ఇంట్లో పెట్టి తాళం వేసి పోవడం నాకైతే నచ్చదు. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది రోలర్‌కోస్టర్ కాదు, మీ అన్నయ్య అన్న "సామాన్లు చూసుకుంటాడు" అనే మాట.

ఆ సామాన్లు చూసుకోవడం ఎట్లా జరుగుతుందో చెబుతాను. పెద్దాయన బెంచీ మీద కూర్చుంటాడు. పక్కన నాలుగు బ్యాగులు, పిల్లల చెప్పులు, అందరి ఫోన్లు. పదకొండు గంటలకు బెంచీ మీద చెట్టు నీడ ఉంటుంది. ఒంటిగంటకు నీడ అవతలికి జరిగిపోతుంది. ఆయన జరగడు, అన్ని బ్యాగులు మోసుకుని ఎక్కడికి జరుగుతాడు? నీళ్ల సీసా అయిపోతుంది, కొనుక్కోవడానికి లేవలేడు. ఒంటికి వస్తుంది, దానికీ లేవలేడు. మళ్లీ లేవాల్సి వస్తుందేమోనని నీళ్లు తాగడమే మానేస్తాడు. ప్రోస్టేటు ఉన్న మగవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న ఆడవాళ్లు బయటికి పోయినప్పుడల్లా చేసే పని ఇది. ఎండాకాలంలో తిరుపతిలో నా దగ్గరికి కళ్లు తిరిగి వచ్చే పెద్దవాళ్లలో ఇలాంటివాళ్లు తక్కువేం కాదు. కొందరు పెళ్లి మండపం బయట, కొందరు కొండమీద, కొందరు బస్టాండులో, ఎవరి సామానుకో కాపలా కూర్చున్నవాళ్లే.

కాబట్టి గేటులోకి పోగానే లాకర్ తీసుకోండి. పెద్ద పార్కుల్లో అద్దెకు ఇస్తారు. అందరి సామాన్లూ అందులో పెట్టి, నాన్న చేతులు ఖాళీగా ఉంచండి. ఆ తర్వాత టాయిలెట్లు ఎక్కడున్నాయో ఆయనకు దగ్గరుండి చూపించండి. మ్యాపులో వేలు పెట్టి చూపిస్తే చాలదు, నడిపించి చూపించాలి. ఆ దారి కంట పడితేనే ఆయన ధైర్యంగా నీళ్లు తాగుతాడు. దాహం వేస్తే తాగుతాలే అంటారు, నమ్మకండి. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీళ్లు తగ్గినా దాహం సరిగ్గా తెలియదు. గంటకోసారి ఎవరో ఒకరు సీసా చేతిలో పెట్టాల్సిందే. ఆ పని మనవడికి అప్పగించండి, కొడుకు చెబితే వినని తాత మనవడు చెబితే వింటాడు.

ఇక ఎండ సంగతి. మనకు మే 4 నుంచి కర్తరి, నెలాఖరు దాకా వదలదు. "చిత్తూరు ఎండకే తట్టుకున్నాం, చెన్నై ఎండెంత" అనుకుంటారు కొందరు. రెండూ ఒకటి కాదు. మన ఎండ ఎండబెడుతుంది, చెన్నై ఎండ ఉడకబెడుతుంది. చెమట ఒంటిమీద ఆరిపోతేనే ఒళ్లు చల్లబడుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 580 కిలోక్యాలరీల వేడిని తీసుకుపోతుంది. గాలిలోనే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. కారిపోయిన చెమటతో ఒంట్లో నీళ్లూ ఉప్పూ పోవడమే తప్ప చల్లదనం రాదు. అందుకే 37 డిగ్రీల చెన్నైలో, 40 డిగ్రీల చిత్తూరులో కంటే ముందుగా మనిషి డీలాపడొచ్చు.

ఏ పార్కు అని మీరు రాయలేదు. చిత్తూరు నుంచి రాణిపేట, కాంచీపురం బైపాస్, శ్రీపెరుంబుదూరు మీదుగా పోతే ఊళ్లోకి పోకముందే చెంబరంబాక్కం దగ్గర క్వీన్స్‌ల్యాండ్ వస్తుంది. ప్రయాణం తక్కువ, పెద్దవాళ్లకు అదే పెద్ద లాభం. చెన్నై నుంచి తీరం వెంట దక్షిణంగా పోయే ఈసీఆర్ రోడ్డు మీద సముద్రానికి దగ్గరగా ఉండే పార్కులకు మధ్యాహ్నం పైన సముద్రపు గాలి తగులుతుంది, కానీ వాటికి నగరం దాటి పోవాలి. బెంగళూరు అవతల బిడది దగ్గర వండర్‌లా ఉంది. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి మనకంటే నాలుగైదు డిగ్రీలు తక్కువ, ఉక్క కూడా ఉండదు. ఎండ ఒక్కటే లెక్కయితే నేను అటే పొమ్మందును. కానీ బెంగళూరు ఊరంతా దాటుకుని పోయి, అదే ట్రాఫిక్‌లో తిరిగొచ్చి, ఒక్క రోజులో అయ్యే పని కాదది. రాత్రి అక్కడ ఉండేటట్టయితేనే పెట్టుకోండి. మీ ఇష్టం ఏదైనా శని, ఆదివారాలు వద్దు. క్యూలో నిలబడే సమయం సగానికి సగం తగ్గితే నాన్నకు అదే పెద్ద మందు.

మాత్రల గురించి నాలుగు మాటలు. బీపీ మాత్ర స్ట్రిప్పు తిప్పి చూడండి. పేరు చివర 'హెచ్' అనే అక్షరం ఉంటే సాధారణంగా అందులో నీళ్ల మందు కలిసి ఉంటుంది. అది ఒంట్లో ఉప్పునూ నీళ్లనూ బయటికి పంపుతుంది, ఎండలో ఆ పని చెమట కూడా చేస్తూ ఉంటుంది. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు. పోయే ముందు మీ డాక్టరును అడగండి, ఆ ఒక్కరోజుకు ఏం చేయాలో ఆయన చెబుతారు. ప్రోస్టేటు మాత్రల్లో కొన్ని కూర్చున్నవాళ్లు లేచి నిలబడినప్పుడు బీపీని పడేస్తాయి. రైడ్ దిగగానే గబుక్కున నడవకుండా, పక్కన ఉన్న కమ్మీ పట్టుకుని ఒక నిమిషం నిలబడమనండి. షుగర్ మాత్రల్లో గ్లిమెపిరైడ్ లాంటిది ఉంటే అన్నం వేళ తప్పకూడదు. క్యూలో ఉన్నాం కదా, ఇది అయ్యాక తిందామంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, అన్నీ వడదెబ్బ లాగానే కనిపిస్తాయి. గ్లూకోమీటరు జేబులో ఉంటే తేడా తెలుస్తుంది. అది లేకపోతే, మనిషి తెలివిగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకుంటే అది షుగరే.

ఇంకో మాత్ర ఉంది, దాన్ని మాత్రం ఇవ్వొద్దు. ఘాట్‌లో వాంతులు కాకుండా చాలామంది వేసుకునే ప్రొమెథజీన్ మాత్ర. మన జిల్లాలో అది బఠాణీల్లా చేతులు మారుతుంది. ప్రోస్టేటు ఉన్నవాళ్లకు అది మూత్రం బిగబట్టించవచ్చు, చెమటను తగ్గిస్తుంది, మత్తుగానూ ఉంచుతుంది. మే నెల మధ్యాహ్నం ఇవి మూడూ ప్రమాదమే.

ఇప్పుడు రోలర్‌కోస్టర్. మీ నాన్న వాదన వినడానికి బాగుంది కానీ చెల్లదని ఆయనకు నా మాటగా చెప్పండి. స్టీరింగ్ పట్టుకున్నవాడికి మలుపు ముందే తెలుసు, ఒళ్లు ముందే సర్దుకుంటుంది. అందుకే ఘాట్‌లో డ్రైవరుకు కడుపులో తిప్పదు, వెనక సీట్లో వాళ్లు కిటికీలోంచి తల బయట పెడతారు. రోలర్‌కోస్టర్‌లో ఆయన ప్యాసింజరే. అసలు కారణం అది కూడా కాదు. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, మెడ నడుము నొప్పులు ఉన్నవాళ్లు పెద్ద రైడ్లు ఎక్కొద్దని పార్కులే బోర్డు పెడతాయి. పోయే ముందు వారంలో బీపీ చూపించుకోమనండి, గుండె పరీక్షలు చేయించి ఎన్నాళ్లయిందో కూడా డాక్టరుకు చెప్పమనండి. ఆయన సరే అంటే, పొద్దున చల్లగా ఉండగానే, పెద్దది కాకుండా మధ్యరకం రైడ్ ఒకటి ఎక్కించండి. వద్దంటే వద్దే. ఎండ ముదిరాక ఏదీ వద్దు. పన్నెండు నుంచి మూడున్నర దాకా ఏసీ హాల్లో ఏదైనా ఆట ఉంటే అది, లేకపోతే క్యాంటీన్‌లో భోజనం చేసి అక్కడే కూర్చోవడం. బయటి తిండి చాలా పార్కుల్లో లోపలికి రానివ్వరు. దారిలోనే ఎక్కడైనా చెట్టు కింద పెరుగన్నం తినిపించి తీసుకుపోండి.

షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు. నీళ్ల ఆటల దగ్గర చెప్పులు విడిచి కాలుతున్న సిమెంటు మీద నడుస్తారు, బొబ్బలెక్కినా ఇంటికొచ్చేదాకా తెలియదు. తిరుమల మాడ వీధుల్లో వేసవిలో తెల్లరంగు వేసేది భక్తుల కాళ్లు కాలకుండా ఉండాలని. పార్కులో ప్రతిచోటా ఆ ఏర్పాటు ఉండదు. నీళ్లలోకి వేసుకుపోయే రబ్బరు చెప్పులు ఉంటే తీసుకుపోండి. రాత్రి ఇంటికొచ్చాక మీరే ఆయన అరికాళ్లు లైటు వేసి చూడండి.

మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పినా, అది అలసట అనుకోవద్దు. చెమట పడుతున్నా సరే, అది వడదెబ్బే అనుకోండి. నీడకు చేర్చి, చొక్కా విప్పి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. పార్కులో నీళ్లకు కొదవా? తెలివి లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి. పారాసెటమాల్ పనిచేయదు, ఇవ్వొద్దు. తమిళనాడులో కూడా 108కే ఫోన్ చేయాలి. అంబులెన్సు వచ్చేదాకా నీళ్లు పోస్తూనే ఉండండి.

ప్రశ్న: అమ్మకు నీళ్లంటే ఇష్టం. తలకోన పోతే జలపాతం కింద నుంచి రాదు. అయితే వాటర్ పార్కులో చీరతో దిగనివ్వరట, నైలాన్ బట్టలే వేసుకోవాలట. "నలుగురిలో ఆ బట్టలేందిరా" అని అమ్మ ఒప్పుకోవట్లేదు. ఈ నియమం డబ్బుల కోసమేనా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: కాదు నాయనా. నూలు బట్టల పోగులు ఊడి నీళ్లు శుభ్రం చేసే ఫిల్టర్లకు అడ్డం పడతాయి. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటే మోకాలి లోతు నీళ్లలో కూడా మనిషి పడిపోతుంది. అద్దె బట్టలు చూస్తే మీ అమ్మకే కాదు, నాకూ మనసు రాదు. పూర్తి చేతులు, మడమల దాకా ప్యాంటు, పైన మోకాళ్ల దాకా గౌను లాగా ఉండే నైలాన్ జతలు ఆడవాళ్లకు దొరుకుతాయి. వారం ముందే కొని ఇంట్లో ఇవ్వండి. పార్కు గేటు దగ్గర, కోడలి ముందు బేరమాడితే ఒప్పుకోదు. ఇంట్లో ఒకసారి తలుపేసుకుని వేసుకుని చూసుకుంటే సగం సిగ్గు పోతుంది. అయినా వద్దంటే బలవంతం చేయొద్దు, తలకోన ఎక్కడికీ పోదు. నీళ్లలో ఉన్నాం కదా ఎండ తగలదని మాత్రం అనుకోవద్దు. నీళ్లలో ఉన్నప్పుడు చెమట పట్టేది తెలియదు, తాగాలనీ గుర్తుండదు.

ప్రశ్న: ఎండలో పోయేటప్పుడు నాన్నకు అట్టపెట్టెలో వచ్చే ఆరెంజ్ ఓఆర్‌ఎస్ డ్రింక్ కొనిస్తుంటాను. షుగర్ ఉంది, ఇవ్వొచ్చా?
— ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: ఆ తీపి డ్రింకులు ఓఆర్‌ఎస్ కావు. డబ్బా మీద ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆదేశించింది. పాత సరుకు కంటపడితే మోసపోకండి. మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ అడగండి. లీటరు నీళ్లకు వేసే ప్యాకెట్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే ఉంటుంది, ఉప్పుతో పాటు అది కూడా ఉంటేనే పేగు నీళ్లను బాగా పీల్చుకుంటుంది. షుగర్ ఉన్నవాళ్లు కూడా బాగా నీరసపడినప్పుడు కొద్దికొద్దిగా తాగొచ్చు. ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొడి గ్లాసులో వేసి మిగతాది మడిచి పెట్టుకోవడం తప్పు. మామూలుగా తిరిగేటప్పుడు దాని అవసరమే లేదు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ చాలు. గుండె గానీ కిడ్నీ గానీ బలహీనంగా ఉండి, నీళ్లు కొలిచి తాగమని డాక్టరు చెప్పినవాళ్లు మాత్రం మజ్జిగ, ఓఆర్‌ఎస్ రెండింటికీ ఆయన్ను అడిగే తాగాలి.