అరిస్టాటిల్‌ మీద పరిశోధన చేస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ రెండో సంవత్సరం. ప్రాచీన గ్రీకు తత్వవేత్తలు ప్లేటో, అరిస్టాటిల్‌ల మీద పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ అవుతానంటోంది. విదేశాలకు పంపాలంటే అప్పు చేయాలి. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అప్పు మాత్రం చేయకండి. ఈ రంగంలో సొంత డబ్బుతో పీహెచ్‌డీ చేయకూడదని నా గట్టి అభిప్రాయం. అమెరికాలో ప్రిన్స్‌టన్ లాంటి చోట పీహెచ్‌డీ సీటొస్తే ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజే లేదు. మ్యూనిక్‌లో, బెర్లిన్ హుంబోల్ట్‌లో ఈ సబ్జెక్టుకు మంచి పేరుంది. ఆక్స్‌ఫర్డ్ మాస్టర్స్ ఖరీదైనది. రోడ్స్, కామన్‌వెల్త్ వంటి స్కాలర్‌షిప్ వస్తేనే వెళ్లాలి.

సీటు రావాలంటే ముందు ప్రాచీన గ్రీకు భాష రావాలి. అనువాదాలు చదివి ఇష్టం పెంచుకోవచ్చు కానీ వాటి మీద ఆధారపడి పరిశోధన చేయలేం. అరిస్టాటిల్ రచనలు చాలావరకు పాఠాల నోట్సులా క్లుప్తంగా ఉంటాయి. ఒక వాదన ఎక్కడ ముగిసింది, ఎక్కడ కొత్తది మొదలైంది అన్నదాని మీదే పండితులు వాదించుకుంటారు. వ్యాసాల్లో పేజీలను చూపేది కూడా పాత గ్రీకు ముద్రణల లెక్కనే: ప్లేటోకు 1578 నాటి స్టెఫానస్ ప్రతి, అరిస్టాటిల్‌కు 1831లో మొదలైన బెక్కర్ ప్రతి. టఫ్ట్స్ యూనివర్సిటీ వారి పెర్సియస్ వెబ్‌సైట్‌లో మూలాలు, నిఘంటువు ఉచితం. రోజూ గంట కూర్చోమనండి. జర్మన్ తర్వాత నేర్చుకోవచ్చు.

సంస్కృతం వస్తే ఇంకో దారి కూడా ఉంది. ఏదీ ఖాయంగా తెలియదనే సంశయవాది, గ్రీకు తత్వవేత్త పిర్రో అలెగ్జాండర్ సేనతో భారతదేశం దాకా వచ్చి ఇక్కడి సన్యాసులను కలిశాడని తత్వవేత్తల జీవితకథలు రాసిన ప్రాచీన రచయిత డయోజెనీస్ లేర్టియస్ రాశాడు. పిర్రో మార్గాన్ని బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడి వాదంతో పోల్చి చూసే పరిశోధన ఇప్పటికీ సాగుతోంది. రెండు మూలభాషలూ వచ్చినవాళ్లు బహు అరుదు. మీ అమ్మాయి ఆ కొద్దిమందిలో ఒకరైతే నాకెంతో సంతోషం.

ఉద్యోగం సంగతి దాచను. శాశ్వత పోస్టులు చాలా తక్కువ. పీహెచ్‌డీ అయ్యాక కొన్నేళ్లు తాత్కాలిక పోస్టులతో ఊళ్లు మారాల్సి రావచ్చు. అందుకే ఇక్కడ ఫిలాసఫీలో ఎంఏ చేసి, యూజీసీ నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) కూడా రాయమంటాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆ విభాగం ఉంది. ఆ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. నెట్‌తో డిగ్రీ కాలేజీ పోస్టులకూ అర్హత వస్తుంది.

ఈ వేసవిలో గ్రీకు మొదలుపెట్టమనండి. ఏడాది తర్వాత ప్లేటో 'అపాలజీ'లో ఒక పేజీ నిఘంటువు సాయంతో చదవగలిగితే మళ్లీ రాయండి. ఏ యూనివర్సిటీలకు దరఖాస్తు చేయాలో అప్పుడు కూర్చుని చూద్దాం.