ఇన్‌హేలర్ మొదలెడితే ఇక మానలేమా?

"అమ్మకు ఉబ్బసం. డాక్టరుగారు ఇన్‌హేలర్ రాశారు. అది అలవాటైపోతుంది, మాత్రలే మేలని ఊళ్లో అంటున్నారు, నిజమేనా?" అని పలాస నుంచి అడిగారు.

లెక్క చూడండి. ఆయాసం తగ్గించే సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు, అంటే 4,000 మైక్రోగ్రాములు. అదే మందు ఇన్‌హేలర్‌లో పఫ్‌కి, అంటే ఒకసారి నొక్కితే, 100 మైక్రోగ్రాములు. అంటే ఒక్క మాత్రలో 40 పఫ్‌ల మందు! అది ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. చేతుల వణుకు, గుండెదడ అందుకే. పఫ్ నేరుగా వెళ్లి నిమిషాల్లో పనిచేస్తుంది. అలవాటు పడటమంటూ ఏమీ లేదు.

కాకపోతే సాల్బుటమాల్ బిగుసుకున్న శ్వాసనాళాలను వదులు చేస్తుంది, అంతే. లోపలి వాపు తగ్గించేది బుడెసొనైడ్ లాంటి పీల్చే స్టెరాయిడ్. డాక్టరు అది రోజూ వాడమంటే ఆయాసం లేని రోజూ వాడాలి. మనవాళ్లు ముందు మానేసేది సరిగ్గా దాన్నే. పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత రావచ్చు.

వాడే తీరు కూడా ముఖ్యం. విజయనగరంలో మా మేనత్త పీల్చాల్సిన క్యాప్సూళ్లను నెల్లాళ్లు మంచినీళ్లతో మింగేసింది. ఎవరూ చూపించలేదు మరి! స్ప్రే రకమైతే స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి డబ్బా) అడగండి. నెమ్మదిగా పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. పొడి రకమైతే గట్టిగా, వేగంగా లాగాలి.

మీ పలాసలో జీడిపిక్కలు కాల్చే పొగకు అమ్మను దూరంగా ఉంచండి. పఫ్‌లు తీసుకున్నా మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి.