‘మన పాపాలు క్షమించు’ అనవచ్చా?

సందేహం: నా వయసు పంతొమ్మిది. మాది హైదరాబాద్. జనం ‘మోర్మన్లు’ అని పిలిచే సంఘం తరఫున రెండేళ్ల మిషనరీ సేవలో ఉన్నాను. ట్రాన్స్‌ఫర్ మీద విశాఖపట్నం వచ్చాను, ఇది ఇక్కడ మొదటి వారం. నాతో జంటగా సేవ చేసే కంపానియన్‌ది బెంగళూరు. ఇంట్లో కన్నడం, తెలుగు కష్టపడి నేర్చుకుంటున్నాడు. ‘మన’కీ ‘మా’కీ తేడా ఏమిటని అడిగితే, ఎదుటివాళ్లను కలుపుకుంటే ‘మన’, కలుపుకోకపోతే ‘మా’ అని చెప్పాను. మర్నాడు మర్రిపాలెంలో మా సభ్యుల ఇంట్లో ప్రార్థన చేస్తూ అతను ‘తండ్రీ, మనల్ని దీవించు, మన పాపాలు క్షమించు’ అన్నాడు. ఆమెన్ అన్నాక ఆ ఇంటి మామ్మగారు ‘దేవుడికి పాపాలేటి బాబూ?’ అన్నారు. ఇంట్లోవాళ్లందర్నీ కలుపుకునే కదా అన్నాడు, మరి తప్పెక్కడ? అక్కడే ఇంకో సంగతి. వాళ్ల అల్లుడుగారు మా సంఘంలో లేరు. ఆయనతో నేను ‘ఆదివారం మన చర్చికి రండి’ అంటే, ‘మా చర్చికి అనండి, వస్తాను’ అన్నారు. ఆప్యాయంగా అన్న మాట ఆయనకు ఎందుకు నచ్చలేదు? చివరగా, మమ్మల్ని ‘ఎల్డర్’ అని పిలుస్తారు. పెద్దవాళ్ల ముందు అలా చెప్పుకోవాలంటే టెన్షన్‌గా ఉంటోంది. ఏం చేయాలి?
— ఒక యువ మిషనరీ, విశాఖపట్నం

సమాధానం: మీరు చెప్పిన సూత్రం సరైనదే. మీ స్నేహితుడు దాన్ని పాటించిన తీరూ తర్కానికి నిలిచేదే. మామ్మగారి ప్రశ్న అంతకన్నా సరైనది. చిక్కంతా ‘ఎదుటివాళ్లు’ అన్న మాటలో ఉంది. ఎదురుగా ఎవరు కూర్చున్నారన్నది భాషకు పట్టదు, మాట ఎవరితో అంటున్నామన్నదే దానికి లెక్క. ప్రార్థనలో మనం మాట్లాడేది దేవుడితో. కళ్లు మూసుకుని ‘తండ్రీ’ అనగానే ఎదుటి స్థానం ఆయనది. అంతవరకు మీకు ఎదుటివాళ్లుగా ఉన్న మామ్మగారు, అల్లుడుగారు, పిల్లలు అందరూ ఆ క్షణంలోనే మీ వైపు వచ్చేశారు. ఇప్పుడు ‘మా’ అంటే గదిలో ఉన్న అందరూ. ‘మన’ అంటే ఆ అందరితో పాటు దేవుడు కూడా. ‘మన పాపాలు’ అంటే ఆయనకూ అందులో వాటా పెట్టినట్టే. మామ్మగారు పట్టుకున్నది అదే.

తెలుగు బైబిలు మత్తయి సువార్తలో (6:9) ‘పరలోకమందున్న మా తండ్రీ’ అని ఉండడానికి కారణం ఇదే. ఆ ప్రార్థన ఎంత పెద్ద సభ చేసినా అది ‘మా తండ్రీ’యే. రోజూ తినే ఆహారం అడిగేటప్పుడూ ‘మాకు’ అనే. అదే తెలుగు బైబిలు ఆదికాండంలో (1:26) దేవుడే మాట్లాడుతూ ‘మన స్వరూపమందు’ నరులను చేద్దామంటాడు. అక్కడ ‘మన’ ఉంది కాబట్టి, ఆ మాట వింటున్నవారు కూడా ఆ పనిలో ఉన్నారని అర్థం. ఆ వినేవారెవరన్నది వ్యాఖ్యాతలు తేల్చుకోవలసిన విషయం. వినేవారిని కలుపుకున్నారన్నది మాత్రం తెలుగు పాఠం తేల్చి చెప్పేసింది.

మీ స్నేహితుడికి ఇంకో మెలిక కూడా చెప్పండి. ఆమెన్ అయ్యాక ఆ ఇంటివాళ్ల వైపు తిరిగి దేవుడి గురించి చెప్పేటప్పుడు ‘పరలోక తండ్రి మనల్ని ప్రేమిస్తున్నాడు’ అనాలి. అక్కడ ‘మమ్మల్ని ప్రేమిస్తున్నాడు’ అంటే, ప్రేమ మీ ఇద్దరికే గాని మామ్మగారికి లేదన్నట్టు వినిపిస్తుంది. అదే గది, అదే మనుషులు. ఆమెన్‌కు ముందు ‘మమ్మల్ని’, తర్వాత ‘మనల్ని’.

ఈ సందేహం మీకు విశాఖలోనే రావడం నాకెంతో సంతోషం కలిగించింది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో ఈ ఊరు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. డెస్ గ్రాంజెస్ 1810లో ఇక్కడే కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని సేరంపూరులో అచ్చయ్యాయి. వాళ్ల ఇంగ్లీషులో ‘మా’, ‘మన’ రెంటికీ ఒకటే మాట. తెలుగులో రాయడానికి కూర్చుంటే ఆ మాట వచ్చిన ప్రతిచోటా ఆగి, ఎవరు ఎవరితో అంటున్నారో తేల్చుకుంటే తప్ప కలం కదలదు. మీ కంపానియన్ ఇవాళ పడుతున్న పాటు ఈ ఊరికి కొత్తదేమీ కాదు.

కన్నడం మాట్లాడే ఆయనకు ఇది ఎందుకు కష్టమో కూడా చెప్పాలి. తమిళంలో ‘నామ్’, ‘నాంగళ్’ అని, మలయాళంలో ‘నమ్మళ్’, ‘ఞంఙళ్’ అని ఈ తేడా ఇప్పటికీ ఉంది. నేటి కన్నడంలో అది పోయింది. రెండింటికీ ‘నావు’ ఒక్కటే. హిందీ ‘హమ్’ కూడా అంతే. కాబట్టి ఆయన నేర్చుకోవలసింది మరో రెండు మాటలు కాదు, నోరు తెరిచే ముందు వినేవారెవరని చూసుకునే అలవాటు. మీరిద్దరూ ఎప్పుడూ జంటగానే తిరగాలి గనుక ఆ అలవాటు రోజంతా అవసరమే. మీలో మీరు మాట్లాడుకుంటే ‘మనం’, వెళ్లిన ఇంట్లో ‘మేం’, ప్రార్థనలో ఇంటిల్లిపాదినీ కలుపుకుని మళ్లీ ‘మేం’.

క్రియలు ఇక్కడ పెద్దగా సాయపడవు. ‘మేం వస్తాం’, ‘మనం వస్తాం’ రెంటికీ ‘వస్తాం’ ఒకటే. ‘-దాం’తో ముగిసే రూపం ఒక్కటే కచ్చితంగా వినేవారిని కలుపుకుంటుంది. సిటీ బస్సులో మీ స్నేహితుడు మీతో ‘కాంప్లెక్స్‌లో (అంటే ఇక్కడి ఆర్టీసీ బస్టాండులో) దిగుదాం’ అనవచ్చు. కండక్టర్‌తో మాత్రం ‘కాంప్లెక్స్‌లో దిగుతాం’ అనాలి. ‘దిగుదాం’ అంటే కండక్టర్‌ని కూడా దిగమన్నట్టు. మరి ‘మేం కాంప్లెక్స్‌లో దిగుదామనుకుంటున్నాం’ అని అదే కండక్టర్‌తో అనవచ్చు కదా, అక్కడ ‘మేం’ పక్కన ‘దిగుదాం’ ఎలా కుదిరింది? ఆ ‘దిగుదాం’ మీరిద్దరూ ఒకరితో ఒకరు అనుకున్న మాట. ‘అను’ దాన్ని ఉన్నదున్నట్టు మోసుకొచ్చి కండక్టర్‌కు అప్పజెప్పింది. తెలుగు వాక్య నిర్మాణంలో నాకు చాలా ఇష్టమైన చోటిది.

ఇళ్లలో ప్రార్థన మొదలుపెట్టే ముందు కూడా ఈ ‘-దాం’ పనికొస్తుంది. ‘ప్రార్థన చేస్తాం’ అంటే మీరు చేస్తారు, వాళ్లు చూస్తారు అన్నట్టు ఉంటుంది. ‘ప్రార్థన చేసుకుందామా?’ అని అడగండి. అందులో పిలుపూ ఉంది, అనుమతి కోరడమూ ఉంది. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో అందరూ అనే మాట కూడా అదే.

ఇక అల్లుడుగారి సంగతి. ‘మన’ను చుట్టూ ఉన్నవాళ్ల మీదికి విస్తరించడం తెలుగులో కొత్త కాదు. కొట్లో ‘మన దగ్గర అన్ని సైజులూ ఉన్నాయండీ’ అంటారు. డాక్టరుగారు ‘మనం అయిదు రోజులు ఈ మాత్రలు వేసుకుందాం’ అంటారు. మాత్రలు మింగేది రోగి ఒక్కడే అయినా ఆ మాట ధైర్యాన్నిస్తుంది, ఎవరూ తప్పు పట్టరు. మీరు ఆ వరసలోనే అన్నారు. కానీ కొట్టు వేరు, మనిషి నమ్మకం వేరు. ఎవరో అడగకుండా ‘మన’ అని ఆయన విశ్వాసాన్ని మీ లెక్కలో వేసుకుంటే, ఇంకా తేల్చుకోని విషయం తేలిపోయినట్టు మాట్లాడారని అనిపిస్తుంది. ఆయన మీ పిలుపును కాదనలేదు, ‘వస్తాను’ అన్నారు. మాట సరిచేశారంతే.

‘మా’ అంటే దూరం పెట్టడమని మీరు అనుకుంటున్నారు. పిలుపుల్లో అది సరిగ్గా తిరగబడుతుంది. భోజనానికి పిలిచేటప్పుడు ‘మా ఇంటికి రండి’ అంటాం. ‘మన ఇంటికి రండి’ అని అతిథిని పిలవం. పిలిచేవాడికి ఇల్లంటూ ఉండి, అందులోకి ఎదుటి మనిషిని మర్యాదగా రమ్మంటేనే అది పిలుపు. వచ్చి కూర్చున్నాక కూడా ‘మీ ఇల్లే అనుకోండి’ అంటాం, చొరవను ఆయనకే వదిలేస్తాం. కాబట్టి ‘ఆదివారం మా చర్చికి రండి’ అనడమే నిండైన తెలుగు ఆహ్వానం. ఆయన ఎప్పుడైనా తనంతట తాను ‘మన చర్చి’ అంటే, ఆ తర్వాత మీరూ అనవచ్చు. నా అభిప్రాయంలో నమ్మకం, కుటుంబం, కులం వంటి వాటి దగ్గర ‘మన’ను ముందుగా వినేవారే అనాలి.

ఊరి విషయంలో అంత పట్టింపు లేదు. వచ్చి వారమే అయినా ‘మన వైజాగ్’ అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. బీచ్ రోడ్డును ఎంతమందితో పంచుకున్నా విశాఖవాళ్లకు ఆనందమే. అన్నట్టు, మామ్మగారి ‘పాపాలేటి’ హైదరాబాద్ చెవికి గద్దింపులా వినిపించి ఉంటే ఆ మాట మరచిపోండి. ఉత్తరాంధ్రలో ‘ఏటి’ అంటే ‘ఏమిటి’, అంతే. పక్కన ‘బాబూ’ ఉంది కూడా.

‘ఎల్డర్’ గురించి క్లుప్తంగా చెబుతాను. 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన మీ సంఘంలో అది సేవలో ఉన్న యువకుల పేరు ముందు వచ్చే పిలుపు, అమ్మాయిలకు ‘సిస్టర్’ ఉన్నట్టే. వయసుతో దానికి సంబంధం లేదు. తెలుగు బైబిలులోని ‘పెద్దలు’ గుర్తొచ్చి మీరు ఇబ్బంది పడుతున్నట్టున్నారు. దాన్ని తెలుగు చేసి ‘నేను పెద్దను’ అనకండి, అది వినడానికి బాగుండదు. చొక్కా మీది బ్యాడ్జీ చూపించి, ‘మా సంఘంలో సేవ చేసేవాళ్లను ఇలా పిలుస్తారండీ’ అంటే చాలు. వాళ్లు ‘బాబూ’ అనే పిలిస్తే పలకండి. ‘గారు’ మాత్రం మీ పేరుకు మీరు తగిలించుకోకూడదు. వాళ్లు తగిలిస్తే వద్దనక్కర్లేదు.