బ్లూఫిన్ ట్యూనా: పరిమితి మనిషికి కాదు, పడవకు

అమెరికాలోని న్యూజెర్సీ తీరం నుంచి నలుగురు మిత్రులు సొంత పడవలో రెండు రోజుల చేపల వేటకు వెళితే, తలా ఒకటి చొప్పున నాలుగు బ్లూఫిన్ ట్యూనా చేపలు తెచ్చుకోవచ్చా అని మీరు అడిగారు. తెచ్చుకోకూడదండీ. అట్లాంటిక్‌లో వినోదపు వేటకు ఇచ్చే యాంగ్లింగ్ పర్మిట్ పడవ పేరిట ఉంటుంది కనుక, పరిమితి కూడా పడవకే వర్తిస్తుంది. సాధారణ నియమం ప్రకారం 27 అంగుళాల నుంచి 73 అంగుళాల లోపు చేప రోజుకు ఒక్కటే. రెండు రోజులు సముద్రంలో ఉన్నా, ఒడ్డుకు చేరేటప్పుడు ఒక రోజు పరిమితికి మించి ఉండకూడదు. ఈ సంఖ్యను అధికారులు సీజన్ మధ్యలోనూ మారుస్తారు, ఒక్కోసారి వేటనే ఆపివేస్తారు కాబట్టి బయలుదేరే రోజు ఉదయమే ప్రభుత్వ ప్రకటన చూసుకోండి.

ఎక్కువ మంది పొరబడేది కొలతలోనే. టేపును పై దవడ కొస దగ్గర పట్టుకొని, పక్క రెక్క మొదలు మీదుగా, ఒంటి వంపును అంటిపెట్టుకుంటూ తోక చీలిక వరకు తీసుకురావాలి. చేప పక్కన నేలమీద తిన్నగా పరచిన టేపు తక్కువ చూపిస్తుంది. కొలత పరిమితి అంచున ఉన్న చేపను, నా మాట విని, నీటిలోనే వదిలేయండి.

ఉంచుకున్న చేప వివరాలను 24 గంటల్లోగా నమోదు చేయాలి. ఈ పర్మిట్‌తో పట్టిన చేపను అమ్మకూడదు, మిత్రుడి రెస్టారెంటుకైనా సరే.