ధర్మామీటరు పగిలింది: మూడేళ్ల పాపకు పాదరసం పరీక్ష రక్తంలోనా, మూత్రంలోనా, వెంట్రుకల్లోనా?

మీ పాప పాత గాజు ధర్మామీటరు పగలగొట్టిందని, ఏ పరీక్ష చేయించాలని అడిగారు. శ్రీకాకుళంలో మా అబ్బాయికీ దాదాపు ఇదే వయసులో ఇలాగే జరిగింది కనుక రాస్తున్నాను.

పిల్లల డాక్టరు గారు పరీక్ష రాయడానికి ముందే, ఆ వారం ఇంట్లో ఏ చేపలు వండారని అడిగారు. కళింగపట్నంలో చుట్టాలింట వంజరం పులుసు, సొరపిట్టు తిని వచ్చామని చెప్పాము. అలాగైతే రక్తంలో పాదరసం ఎక్కువ కనిపించినా అది చేపలదో ధర్మామీటరుదో తేలదని, చేపల్లో ఉండే పాదరసం రూపమైన మిథైల్ మెర్క్యురీ రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు 50 రోజులు పడుతుందని ఆయన వివరించారు. వెంట్రుకలు చెప్పేదీ ముఖ్యంగా చేపల సంగతే. నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతాయి కనుక గడచిన నెలల లెక్క వాటిలో ఉంటుంది.

ధర్మామీటరు పాదరసం మింగినా పేగుల నుంచి ఒంటికి పట్టేది అత్యల్పం. ప్రమాదమంతా ఆవిరితోనే; పీల్చిన ఆవిరిలో 80 శాతం వరకూ ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి చేరుతుంది, అది ఎక్కువగా మూత్రంలో బయటపడుతుంది. అందుకే మాకు మూత్ర పరీక్ష, అదీ క్రియాటినిన్‌తో (ఒంట్లోంచి మూత్రంలో రోజూ బయటపడే ఒక వ్యర్థ పదార్థం) కలిపి రాశారు. నీళ్లు ఎక్కువ తాగితే మూత్రం పలచబడి అంకె తప్పుదోవ పట్టించకుండా ఆ నిష్పత్తి చూస్తారట. మూత్రం పట్టడానికి ఒంటికి అంటించిన సంచిని మావాడు పీకి పారేశాడు. చివరకు పొద్దున్నే ల్యాబు ఇచ్చిన డబ్బాలోనే నేరుగా పట్టాము. ఇంటి గిన్నెలో పట్టి అందులో పోయవద్దని ముందే చెప్పారు. ఫలితం మామూలుగానే వచ్చింది.

లోహాలను బయటకు లాగే మందు ఇచ్చి, ఆ తర్వాత మూత్రం పరీక్షిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ మందు వేస్తే ఎవరికైనా అంకె పెరుగుతుంది, దాన్ని పోల్చడానికి సరైన ప్రమాణమే లేదు.

పాదరసం పూసలను వెంటనే అట్టముక్కతో ఎత్తి, కిటికీలు తెరిచి ఉంటే, పాప హుషారుగా ఉంటే, సాధారణంగా పరీక్షే అవసరం రాదు. చీపురుతో ఊడ్చినా, ఆ గదిలోనే తలుపులు మూసి రోజుల తరబడి పడుకున్నా, అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొట్టు రాలుతున్నా, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి, ఎప్పుడు పగిలిందో, ఎలా శుభ్రం చేశారో, ఏ చేపలు తిన్నారో చెప్పండి.